ఎవరికి ఋణపడ్డాం?

అమెరికాలో తెలుగువాళ్ళ పంచాంగం శనివారాల మీద నడుస్తుంది. దసరా ఏ మంగళవారమో వస్తే బొమ్మల కొలువు పేరంటం శనివారానికి జరుగుతుంది. ఉగాది పచ్చడి పొద్దున్నే చెంచాడు నోట్లో వేసుకుని ఆఫీసుకి పరిగెత్తి, పంచాంగ శ్రవణం మాత్రం పై వారం ఏదో హైస్కూల్ ఆడిటోరియంలో వింటాం. సంక్రాంతికి ముగ్గు వేద్దామంటే సగం రాష్ట్రాల్లో వాకిలి నిండా మంచు. తిథిని నమ్ముకున్న పండుగలన్నీ ఇలా వారాంతానికి సర్దుకుంటుంటే, నవంబర్ నాలుగో గురువారం మాత్రం సెలవు చేతబట్టుకుని మరీ వస్తుంది. చాలా కంపెనీలు శుక్రవారం కూడా మూసేస్తాయి. డాలస్‌లో ఉన్న అన్న, న్యూజెర్సీలో ఉన్న చెల్లెలు, కాలేజీల్లో ఉన్న పిల్లలు ఒక్క ఇంట్లో చేరడానికి ఏడాది మొత్తమ్మీద ఖాయంగా దొరికేవి ఆ నాలుగు రోజులే.

అయితే థాంక్స్‌గివింగ్ మన ఇళ్ళలోకి ఇంత చనువుగా రావడానికి సెలవొక్కటే కారణం కాదు. ఈ పండుగకి ఫలానా దేవుడంటూ లేడు. ముహూర్తం లేదు, మడి లేదు. గుడికి వెళ్ళేవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు, మసీదుకి వెళ్ళేవాళ్ళు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు అందరూ చేసుకోవచ్చు. చెయ్యాల్సినవి రెండే పనులు: నలుగురూ కలిసి తినడం, తినేముందు కృతజ్ఞత చెప్పుకోవడం. మొదటిది మనకి ఒకరు నేర్పక్కర్లేదు.

టర్కీతో మనవాళ్ళ సంబంధం అంతంతమాత్రమే. వచ్చిన కొత్తలో ఒకసారి ముచ్చటపడి తేని మాంసాహారుల ఇల్లు అరుదు. గురువారం పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసి చూస్తే లోపల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, పెరుగు ఎంత పట్టించినా మసాలా తోలు దాటి లోపలికి దిగదు. మరుసటి ఏడు నుంచి బల్ల మధ్యకి కోడి పలావో గోంగూర మాంసమో వస్తుంది. శాకాహారుల ఇళ్ళలో ఆ పీట గుత్తి వంకాయది. క్రాన్‌బెర్రీ సంగతి వేరు. అమెరికన్లు పంచదార పోసి ఉడికించే ఆ ఎర్రటి పుల్లటి కాయలో మన ఆడవాళ్ళు వాక్కాయని గుర్తుపట్టారు. ఇంకేముంది, పప్పులో పడింది. పులిహోరలో చింతపండుకి బదులైంది. మెంతులు, ఆవాలు వేయించి కొట్టిన పొడి, ఇంగువ పోపు తగిలి పచ్చడయింది. నవంబర్‌లో నాలుగు సంచులు ఎక్కువ కొని ఫ్రీజర్‌లో పడేస్తే ఉగాది దాకా ఢోకా లేదు. గుమ్మడికాయతో వాళ్ళు పై చేస్తే మనం దప్పళం పెడతాం. ఇవి ఏ వంటల పుస్తకమో చూసి చేసినవి కావు. ఒక వదినగారింట్లో తిన్నది ఇంకో వదినగారు అడిగి రాసుకుంటే ఊరూరా పాకినవి.

రెండో పని దగ్గరే తడబడుతున్నాం. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో చెప్పడం పిల్లలు బడిలో నేర్చుకొచ్చిన ఆనవాయితీ. వాళ్ళు గడగడా చెప్పేస్తారు: కుక్కపిల్లకి, సాకర్ కోచ్‌కి, ఇండియా నుంచి అమ్మమ్మ వచ్చినందుకు. వంతు పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి గొంతులు సవరించుకోవడం మొదలవుతుంది. “ఏముందర్రా, అంతా ఆ వెంకన్న దయ” అనేసి ఒక పెద్దాయన పలావు గరిటె అందుకుంటాడు. పక్కనున్నావిడ ఆరోగ్యం, కుటుంబం, స్నేహితులు అని మూడు మాటలతో ముగిస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ పిల్లలు చెప్పినదాంట్లో మనుషులున్నారు, మనం చెప్పినదాంట్లో లేరు.

నిజానికి మన అలవాటు ఇది కాదు. తెలుగునాట కృతజ్ఞతకి ఎప్పుడూ చిరునామా ఉంది. కనుమనాడు రైతు పశుజాతి మొత్తానికీ కలిపి ఓ దణ్ణం పెట్టి ఊరుకోడు. తన ఎద్దుల్నే పేరు పెట్టి పిలిచి, కడిగి, కొమ్ములకి రంగు పూసి, మెడలో గంటలు కడతాడు. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకున్నా, తెలంగాణలో పెత్రామాసకి బియ్యమిచ్చినా, నదిలో దిగి తర్పణం వదిలినా, ముందు పోయినవాళ్ళ పేర్లు తలుచుకోవాలి. దసరాకి వడ్రంగి తన ఉలికి, డ్రైవరు తన లారీకి బొట్టు పెడతారు. ఎవరివల్ల, దేనివల్ల బతుకు సాగుతోందో దాన్ని పిలిచి మరీ చెప్పే మర్యాద అది. ఆ మర్యాదని ఈ గురువారం బల్ల దగ్గరికి తెచ్చుకుంటే ఎవరెవరి పేర్లు రావాలి?

మాది పత్రిక కనుక మేం ఒక సంపాదకురాలితో మొదలుపెడతాం. న్యూ హాంప్‌షైర్‌లో పుట్టిన సారా జోసెఫా హేల్ భర్త పోయాక అయిదుగురు పిల్లల్ని కలం పట్టుకుని పెంచారు. 1837 నుంచి 40 ఏళ్ళపాటు ‘గోడీస్ లేడీస్ బుక్’ అనే పత్రికని నడిపారు. అప్పటికి థాంక్స్‌గివింగ్ ముఖ్యంగా న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల పండుగ, అదీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రోజు. దేశమంతా ఒకేరోజు చేసుకోవాలని ఆమె ఏళ్ళ తరబడి సంపాదకీయాలు రాశారు, గవర్నర్లకీ అధ్యక్షులకీ ఉత్తరాలు రాశారు. 1863 సెప్టెంబర్ 28న లింకన్‌కి రాశారు. అక్టోబర్ 3న లింకన్ ప్రకటన వెలువడింది. గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిసి అప్పటికి సరిగ్గా మూడు నెలలు. అంతర్యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. పంటలకీ గనులకీ కృతజ్ఞత చెప్పిన ఆ ప్రకటన, యుద్ధం వల్ల వితంతువులైనవాళ్ళనీ అనాథలైనవాళ్ళనీ కూడా తలుచుకోమంది. సంపాదకీయాలు ఎవరు చదువుతారండీ అని మమ్మల్ని అడిగేవాళ్ళకి ఇదొక జవాబు.

కాకతాళీయమే కానీ, మనం మరిచిపోకూడని ఇంకో అక్టోబర్ 3 ఉంది. 1965లో ఆ రోజున, స్వేచ్ఛాదేవి విగ్రహం పాదాల దగ్గర, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది 1923లో. 1946లో ఆ అడ్డు తొలగినా, ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మందికే కోటా. పుట్టిన దేశాన్నిబట్టి వేసిన ఆ పాత తూకాల్ని 1965 చట్టం ఎత్తేసింది. గుంటూరు, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు, వాల్తేరు, వరంగల్ ఇంజనీర్లు ఆ తర్వాతి ఏళ్ళలో విమానాలెక్కింది ఆ దారినే.

ఆ చట్టం దానంతటది రాలేదు. అంతకుముందు ఏడే పౌరహక్కుల చట్టం వచ్చింది. 1965 మార్చిలో సెల్మా అనే ఊళ్ళో వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజాతివాళ్ళని పోలీసులు లాఠీలతో కొట్టారు. జాన్ లూయిస్ అనే పాతికేళ్ళ కుర్రాడి పుర్రె చిట్లింది. ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. రంగునిబట్టి, పుట్టుకనిబట్టి మనిషిని ఆపడం సిగ్గుచేటని వాళ్ళు ఈ దేశం చేత ఒప్పించారు. ఆ ఊపులోనే దేశాలవారీ కోటాలూ కూలాయి. ఆ నడకలో మనం లేం; దాని ఫలం మాత్రం మన బల్ల మీద వడ్డించి ఉంది. జాన్ లూయిస్ పేరు ఎన్ని తెలుగు ఇళ్ళలో వినపడుతుంది? పేరు వినపడకపోగా, నల్లవాళ్ళ పేటల గురించి మన విందుల్లో దొర్లే మాటలు పిల్లలు వింటున్నారు.

కృతజ్ఞత అనగానే కొందరు యువకులు ముఖం చిట్లిస్తారు, వాళ్ళ కారణం వాళ్ళకుంది. తలుపు తీసిన చట్టాల్లోనే గొళ్ళెమూ ఉంది. ఏ ఒక్క దేశానికీ గ్రీన్‌కార్డుల్లో 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల, ఉద్యోగాల మీద వచ్చిన భారతీయుల వరస ఏళ్ళూ పూళ్ళూ సాగుతోంది. చిన్నప్పుడే వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లలు 21 నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోగొట్టుకుని సొంత దారి వెతుక్కోవాలి. ఇల్లు కొనాలన్నా, ఉద్యోగం మారాలన్నా, పోయిన తండ్రిని చూడ్డానికి బయల్దేరాలన్నా లాయర్ని అడిగి అడుగు వెయ్యాల్సినవాళ్ళతో “ఈ దేశానికి కృతజ్ఞులై ఉండండి” అంటే, “నోరు మూసుకుని ఉండండి” అన్నట్టే వినపడుతుంది. ఋణం ఒప్పుకోవడం వేరు, ఒదిగి పడుండడం వేరు. సెల్మాలో నడిచినవాళ్ళు అడగబట్టే మనం రాగలిగాం. వాళ్ళకి ఋణపడ్డవాళ్ళు అడగడం మానేస్తే అది అప్పు ఎగ్గొట్టడమే.

ఇక పండుగ మూలకథ. 1621లో ప్లిమత్‌లో వలసవాళ్ళూ వాంపనోగ్ తెగవాళ్ళూ కలిసి మూడు రోజులు విందు చేసుకున్నారని బడిలో పిల్లలకి చెబుతారు. విందు నిజమే. మెస్ససోయిట్ అనే నాయకుడు 90 మందితో వచ్చాడనీ, వాళ్ళు అయిదు దుప్పుల్ని వేటాడి తెచ్చారనీ ఆనాటి ఒక వలసదారు ఉత్తరంలో ఉంది. ఓడలో వచ్చినవాళ్ళలో సగంమంది మొదటి శీతాకాలమే చనిపోయారు. మిగిలినవాళ్ళకి మొక్కజొన్న ఎలా వెయ్యాలో నేర్పినవాడు టిస్క్వాంటమ్. అతన్ని అంతకుముందే ఒక ఇంగ్లిష్ ఓడవాడు ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మేశాడు. ఎలాగో ఇంగ్లండ్ చేరి, తిరిగి సొంత ఊరికి వచ్చేసరికి ఊరు ఊరంతా రోగాలకి తుడిచిపెట్టుకుపోయింది. ప్లిమత్ కట్టింది ఆ ఊరి నేల మీదే. విందు జరిగిన 55 ఏళ్ళకి, 1676లో, మెస్ససోయిట్ కొడుకు మెటాకమ్‌ని చంపి తల ప్లిమత్‌లో కొయ్యకి గుచ్చారు. 1970 నుంచి ఏటా ఇదే గురువారం ఆ ఊరి గుట్ట మీద, మెస్ససోయిట్ విగ్రహం దగ్గర, ఆదివాసులు చేరి సంతాపదినం పాటిస్తున్నారు. వేరే దేశం నుంచి వచ్చి ఇక్కడి నేల కొనుక్కున్న మనకి ఈ కథ పరాయిది కాదు. మనం ఇల్లు కట్టుకున్న కౌంటీలో ముందు ఏ తెగ ఉండేదో పిల్లలతో కలిసి కనుక్కోవడం గురువారం పొద్దున చెయ్యదగ్గ పని.

చివరికి, మనల్ని పంపినవాళ్ళు. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పని తెలుగు సభ ఉండదు. భీమవరంలో పుట్టి, 1920లలో బోస్టన్ చేరి, మొదట్లో పొట్టకోసం ఆస్పత్రిలో రాత్రి పని చేసి, ఫోలిక్ యాసిడ్ నుంచి మెథోట్రెక్సేట్ దాకా ప్రాణాలు నిలిపే మందుల వెనక నిలిచారని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన ఓడ ఎక్కడానికి డబ్బు ఎక్కడిది? కొంత మామగారు పోగుచేశారు, కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానంది. సత్యలింగ నాయకర్ కూడా సముద్రం దాటి, రంగూన్‌లో వ్యాపారం చేసి గడించినవారే. ఒక వలసదారు వదిలిపోయిన సొమ్ము ఇంకో వలసదారుకి దారి చూపింది. 1948లో చనిపోయేదాకా సుబ్బారావు గారు ఇండియాకి తిరిగి వెళ్ళనే లేదు. భార్య శేషగిరి గారు అక్కడే ఉండిపోయారు. ఆ మందుల కథలో ఆవిడ చెల్లించినది ఏ సన్మానపత్రంలోనూ కనపడదు.

ఇప్పటికీ ప్రతి ఇంటికీ ఒక శేషగిరి గారు, ఒక మామగారు ఉన్నారు. అన్న ఎమ్మెస్ కోసం చదువు ఆపుకున్న చెల్లెలు. బ్యాంకు అప్పుకి ఎకరం కాగితాలు తాకట్టు పెట్టిన తండ్రి. పురుడు పొయ్యడానికి ఆర్నెల్ల గడువు మీద వచ్చి, మెట్లున్న ఇంట్లో మోకాళ్ళ నొప్పితో ఎక్కుతూ దిగుతూ పసివాణ్ణి పెంచి, నడక నేర్చే వేళకి తిరుగు విమానం ఎక్కే అమ్మమ్మ. ఆవిడ వెళ్ళేదాకా ఊళ్ళో ఒంటరిగా కర్రీ పాయింట్ కూరలతో నెట్టుకొచ్చే తాతయ్య. వీళ్ళకి నెలనెలా డబ్బు పంపుతున్నాం, అది బాధ్యత. వాళ్ళు చేసినదాన్ని వాళ్ళ ఎదుట, పిల్లలు వినేలా, ఎప్పుడైనా చెప్పామా? అమ్మానాన్నలకి మాటల్లో చెప్పడం మనకి ఎబ్బెట్టు. అయితే పిల్లలకి చెప్పండి, పక్క గదిలోంచి వాళ్ళు వింటారు.

1960లు, 70ల్లో వచ్చిన తరం ఎనభైల వయసులో పడింది. తమకి సాయం చేసినవాళ్ళ పేర్లు గుర్తున్నది వాళ్ళకే: మొదటిరోజు విమానాశ్రయానికి కారు తీసుకొచ్చిన అపరిచితుడు, మంచులో నడవడం నేర్పిన ఇంటి ఓనరమ్మ, తన పండుగ బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టిన ప్రొఫెసరు. ఆ పేర్లు రాసిపెట్టడం సాహిత్య పత్రికల పని అని మా నమ్మకం. అందుకే పాఠకుల్ని అడుగుతున్నాం: ఈ గురువారం బల్ల దగ్గర ప్రతి పెద్దవారినీ ఒక్క పేరు చెప్పమనండి. దేవుడి పేరు కాకుండా మనిషి పేరు. ఎవరు, ఏ ఊరు, ఏం చేశారు, ఏ సంవత్సరం. పది వాక్యాలు చాలు, శైలి గురించి బెంగ వద్దు. ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపినా మేమే రాసుకుంటాం. సంక్రాంతి సంచికలో కనుమ పుటలు వాటికే కేటాయిస్తున్నాం.