ప్రాణం దక్కింది సరే, పంట సంగతేమిటి?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కిన మృతులే దాదాపు 10 వేల మంది. 1990 మే నెలలో మచిలీపట్నం సమీపంలో తీరం దాటిన తుపాను కూడా తక్కువదేమీ కాదు. అయినా లక్షల మందిని ముందుగానే తీరగ్రామాల నుంచి తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంపై హుద్‌హుద్‌ తుపాను విరుచుకుపడే నాటికి రాష్ట్రంలో ఆ సంఖ్య పదుల్లోకి దిగింది. రాడార్లు, ఉపగ్రహాలు, తుపాను షెల్టర్లు, ఫోన్లకు వచ్చే హెచ్చరికలు, ఊళ్లో దండోరా, వద్దంటున్నా వినకుండా జనాన్ని బస్సులెక్కించే రెవెన్యూ సిబ్బంది... ఇన్ని కలిస్తే దక్కిన విజయమిది. దీన్ని తక్కువ చేసి మాట్లాడాల్సిన పనిలేదు.

అదే హుద్‌హుద్‌ నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం రూ.21 వేల కోట్లకు పైగా లెక్కగట్టింది. జనాన్ని షెల్టర్‌కు తీసుకుపోవచ్చు. చేనును, చెట్టును, పడవను, వలను తీసుకుపోలేం కదా.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్‌ తుపాను తీరం దాటేసరికి కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా (ఖరీఫ్‌) వరి కోతల మీద ఉంది. కొన్ని చేలల్లో పంట కోసి పనల మీద పడి ఉంది, కొన్నిచోట్ల కుప్పలేశారు, ఇంకొన్నిచోట్ల నిలబడ్డ చేను గాలికి నేలకొరిగింది. ఒరిగిన చేను నీళ్లలో నానితే నాలుగు రోజుల్లో గింజ మొలకెత్తుతుంది. టైర్ల మీద నడిచే కోత యంత్రం ఆ బురదలో దిగబడిపోతుంది కాబట్టి చైను మిషను తెప్పించాలి. దానికి గంట అద్దె ఎక్కువ, పడిపోయిన పంటను కోయడానికి పట్టే గంటలూ ఎక్కువే. కోసిన ధాన్యాన్ని రోడ్డు మీద బరకాలు పరిచి, ఎండ మొహం చూసినప్పుడల్లా కాళ్లతో తిరగేస్తూ ఆరబెట్టాలి. తేమ 17 శాతానికి దిగితే తప్ప మద్దతు ధర మాట ఉండదు. ఈలోగా గింజ రంగు మారితే, బస్తాకు ఎంత తరుగు తీయాలో మిల్లు దగ్గర వేరే లెక్క మొదలవుతుంది.

ఈ చేను సొంతదారుదైతే ఆ ఏడాది నష్టంతో పోతుంది. కౌలుదారుదైతే కథ వేరు. ఎకరాకు ఇన్ని బస్తాలని దుక్కికి ముందే ఒప్పుకున్న మక్తా తుపాను వచ్చినా చాలాచోట్ల తగ్గదు. పెట్టుబడి బయటి వడ్డీకి తెచ్చినది. పరిహారమేమో పేరు కాగితంలో ఉన్నవారి ఖాతాలో పడుతుంది. ఒకే గాలి, ఒకే వాన, పక్కపక్కనే రెండు మడులు. ఒక ఇంటికి అది చెడ్డ సంవత్సరం, ఇంకో ఇంటికి అయిదేళ్ల అప్పు.

ప్రకృతికీ మనుషులకూ ఉన్న ఈ ముడిని అధ్యయనం చేసేవారు మూడు సంగతులను వేరుగా చూడమంటారు. దెబ్బ ఎవరికి ఎంత సులువుగా తగులుతుందన్నది ఒకటి, తగిలాక తట్టుకుని నిలవడం రెండోది. మూడోది, మళ్లీ అదే దెబ్బ తగలకుండా బతుకు తీరునే మార్చుకోగల శక్తి. మొదటిది చెడు, మిగతా రెండూ మంచివి, అవి పెరిగితే ఇది తగ్గుతుందన్నది సర్కారీ నివేదికల్లో వినిపించే లెక్క. ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదు. కెనడా జీవావరణ శాస్త్రవేత్త సి.ఎస్‌. హోలింగ్‌ 1973లోనే అక్కడి అడవుల్లో చెట్లను తినే పురుగుల ఉదాహరణతో ఒక సంగతి చెప్పాడు. ఎంత ఊగిసలాట ఉన్నా ఒక వ్యవస్థ తన తీరు మార్చుకోకుండా కొనసాగగలదు. తట్టుకోవడమంటే అదే. ఆ తీరు మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న.

డెల్టా కౌలు సేద్యాన్ని ఈ కంటితో చూడాలి. తుపాను తర్వాత కౌలు రైతు దాళ్వాకు (రబీకి) మళ్లీ అదే పొలంలో, అదే మక్తాకు, అదే వ్యాపారి దగ్గర అప్పుకు దిగుతాడు. ఆరు నెలల్లో చేను పచ్చబడుతుంది, అధికారులు సాధారణ పరిస్థితి నెలకొందని రాసుకుంటారు. గట్టిగా తట్టుకుని నిలబడింది ఆ అప్పుల వ్యవస్థే.

పంటను మార్చి గట్టెక్కే దారులు లేవా అంటే, ఉన్నాయి. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం దేశమంతా పాకింది. ఒడిశాకు చెందిన ఒక పాత వరి రకంలోని ముంపును ఓర్చే జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణలోకి తెచ్చింది. అలా వచ్చిన స్వర్ణ సబ్‌-1 మన దేశంలో 2009లో విడుదలైంది. మామూలు వరి మునిగితే గాలి కోసం పైకి సాగి సాగి ఉన్న సత్తువంతా పోగొట్టుకుంటుంది. ఇది ఎదుగుదల ఆపేసి, ఒంట్లో ఉన్నది దాచుకుని, రెండు వారాల దాకా నీళ్లలో ఓర్చుకుంటుంది. అద్భుతమైన పనే, సందేహం లేదు. అయితే ఈ ఓర్పు పైరు ఎదిగే దశకు సంబంధించినది. నవంబరులో పండి ఒరిగిన కంకిని అది కాపాడలేదు. రెండు వారాలు దాటినా నీరు దిగకపోతే లేత పైరునూ కాపాడలేదు. నీరు దిగడమన్నది విత్తనం చేతిలో లేదు, డ్రెయిను చేతిలో ఉంది. ఆ డ్రెయిన్లు గుర్రపుడెక్కతో, పూడికతో నిండి ఉన్నాయి.

ఇక ఒకరు తమ దారి చూసుకుంటే ఇంకొకరి దారి మూసుకుపోయే సందర్భాలు. ఇది చాలా చర్చల్లోకి రాదు. తీరంలో కాలువ చివరి భూములకు నీరు సరిగా అందదు, ముంపు మాత్రం ముందు వాటికే. అక్కడి రైతు వరి మానేసి రొయ్యల చెరువు తవ్వితే తప్పుపట్టలేం. అతని వరకు అది తెలివైన సర్దుబాటు. కానీ చెరువు గట్టు పక్క చేను నీటికి అడ్డుపడుతుంది, ఉప్పునీరు ఊరి మట్టిలోకి దిగుతుంది. రెండు మూడు పంటలు దెబ్బతిన్నాక పక్క రైతూ చెరువుకే ఇచ్చేస్తాడు. ఆ చెరువుల లీజు కౌలుదారు అందుకోలేనిది. నాట్లు, కోతల మీద బతికే ఆడకూలీలకు చెరువు దగ్గర పెద్దగా పని ఉండదు. ఒక ఊరి ఆదాయం పెరిగింది, అదే ఊళ్లో తుపానుకు తట్టుకోలేనివారూ పెరిగారు. రెండూ నిజమే.

కొల్లేరు దీనికి పెద్ద ఎత్తున సాక్ష్యం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ సరస్సు వరదనీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రానికి వదిలేది. 1970ల్లో మత్స్యకారులు, పేదల సహకార సంఘాలకు ఇక్కడ చేపల చెరువులు తవ్వుకోవడానికి వీలు కల్పించారు. పేదలకు ఆసరా కావాలన్నది ఉద్దేశం. కాలక్రమంలో చెరువులు పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి, గట్లు సరస్సును ముక్కలు చేశాయి, ఎగువ ఊళ్లలో నీరు నిలవడం పెరిగింది. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చెరువుల గట్లను పెద్దఎత్తున ధ్వంసం చేశారు. పెట్టుబడి పెట్టినవాడు తన డబ్బును ఇంకోచోటికి మళ్లించుకున్నాడు. కాపలా కాసి, వల లాగి బతికినవాడు వలసపోయాడు.

1996 నవంబరు తుపాను కోనసీమలో నేర్పిన పాఠమూ ఇలాంటిదే. వెయ్యి మందికి పైగా చనిపోయారు, సముద్రం మీదికి వేటకెళ్లి తిరిగిరానివారు వందల్లో ఉన్నారు. లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు కూలాయి. మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తోట యజమాని ఆ ఆరేడేళ్లు అంతరపంటతోనో, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు పంపే డబ్బుతోనో గడుపుకోగలడు. దింపు కూలీ, కాయ ఒలిచే కూలీ, పీచు పనివారు అంతకాలం ఎదురుచూడలేరు. తోట కోలుకుంది. ఆ తోటలో పనిచేసినవాళ్లలో ఎంతమంది కోలుకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

విపత్తు సాయం నిబంధనలు ఈ తేడాను చూడవు. పంట నష్టం 33 శాతం దాటితేనే సాయం. ఎంత కోల్పోయారన్నది కొలుస్తారు తప్ప, దాని నుంచి లేవడానికి ఆ ఇంటికి ఏముందన్నది కాదు. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది, కౌలుదారుకు 11 నెలల కార్డు ఇస్తుంది. కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయం, గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలమే ఇవ్వడేమోనని కౌలుదారు భయం. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు లేదు, పరిహారమూ యజమాని దయ మీద ఆధారపడినదే. తుపాను ముప్పును తగ్గించే సాధనాల్లో సముద్రపు గోడ కంటే ఈ సంతకం సమస్య తీర్చడం చవక. గోడకైతే శంకుస్థాపన ఫొటో ఉంటుంది, అదీ తేడా.

పంట కాలాన్ని ముందుకు జరపాలన్న ఆలోచన మంచిదే. 2022లో గోదావరి డెల్టాకు జూన్‌ 1నే నీరు వదిలారు. నాట్లు ముందే పడితే నవంబరు తుపాన్లకు ముందే పంట ఇంటికి చేరుతుందన్నది లెక్క. అదే జూన్‌లో కోనసీమ రైతులు కొన్నిచోట్ల పంట విరామం ప్రకటించారు. 2011లోనూ అక్కడ అదే జరిగింది. డ్రెయిన్లు బాగుచేయలేదు, అమ్మిన ధాన్యం డబ్బులు సమయానికి రాలేదు, సాగు గిట్టడం లేదు అన్నది వారి గోడు. చేతిలో డబ్బు లేనప్పుడు, వేసిన చేను తొలి వానకే మునుగుతుందని తెలిసినప్పుడు, కాలువలో ముందుగా వచ్చిన నీరు ఎవరికి పనికొస్తుంది?

డ్రెయిన్‌లో పూడిక తీయడానికి దొరికే సమయం కాలువలు కట్టేసే ఏప్రిల్‌, మే నెలలే. ఆ పనుల టెండర్లు వేసవి ముదిరాక పిలిస్తే సగం పని కాగితం మీదే పూర్తవుతుంది. దాళ్వా నాట్లు పడే సంక్రాంతి నాటికే టెండర్లు ముగించి, ఏ డ్రెయిన్‌లో ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతున పూడిక తీశారో పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించాలి. యజమాని సంతకం లేకపోయినా గ్రామసభ సాక్ష్యంతో కౌలు కార్డు ఇచ్చే వీలు చట్టంలో కల్పించాలి. నష్టం అంచనాకు వెళ్లే బృందం పొలం ఎవరిదని కాక, ఆ ఏడు దుక్కి దున్నింది ఎవరని ముందు అడగాలి.