'మానెయ్యి' అంటే చికిత్స కాదు
మద్యం మనకు నిషిద్ధం గనుకనే, ఇంట్లో తాగేవాడుంటే నోరు విప్పము. మైలవరం వంటి చోట పరువుకు జడిసి, వ్యాధి ముదిరాకే ఆసుపత్రి మెట్లెక్కుతాము. అక్కడ తరచు దొరికేది 'మానెయ్యి' అన్న మందలింపు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణమే పోవచ్చు; గ్లూకోజుకు ముందు థయామిన్ ఇవ్వాలని తెలిసిన వైద్యుడు కావాలి. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది.

బెంగళూరు నిమ్హాన్స్ సాధారణ వైద్యులకు ఆన్‌లైన్‌లోనే ఈ శిక్షణ ఇస్తోంది, ఊరు వదలనక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ నర్సులకూ ప్రభుత్వం దీనిని తప్పనిసరి చేయాలని కోరుతున్నాము. ఈ వ్యాధులకూ వర్తించే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గోప్యతను హక్కుగా ఇచ్చింది. శిక్షణలో అదీ ఒక పాఠం కావాలి. మసీదు కమిటీకి కబురు పోదన్న నమ్మకం కలిగితేనే మన పిల్లలు ఆ గడప తొక్కుతారు.