గృహ విచారములు: పాత కారు, క్రొత్త పాట

సికింద్రాబాదు మారేడుపల్లి నుండి యొక సోదరి మాకిట్లు వ్రాసియున్నారు: "మా మామగారు 1996లో కొనిన మెర్సిడెసు బెంజి ఇ-220 కారు నేటికిని మాయింట నున్నది. అందలి క్యాసెట్టు పెట్టె యొకప్పుడు పలుకును, ఒకప్పుడు పలుకదు. దానిని పెరికివేసి పెద్ద తెరగల క్రొత్త పెట్టెయు, నాలుగు స్పీకర్లును, ఒక యాంప్లిఫయరును, డిక్కీలో సబ్‌వూఫరును పెట్టింపవలెనని మా అబ్బాయి పట్టుబట్టుచున్నాడు. మావారు కారునే యమ్మివేయుద మనుచున్నారు. మామగారేమియు మాటాడరు. సాయంకాలము కారులో కూర్చుండి, పోయిన మా అత్తగారు పాడిన మంగళహారతుల క్యాసెట్టు వినుచుందురు. క్యాసెట్టు వినుటకు ఇంట వేఱొక యంత్రము లేదు. ఏమి చేయవలయునో తెలుపగోరెదను."

ఇట్టి ప్రశ్న మగవారి పత్రికలకు దగినదని కొంద రనవచ్చును. మాకట్లు తోచదు. కారునకు వెచ్చించు ధనము ఇంటి ధనమే. ఆ పాట ఇంటి పాటయే.

మొట్టమొదట క్యాసెట్టు సంగతి. బజారులో దొరకు పాటలు పోయినచో మరల కొనుక్కొనవచ్చును. అత్తగారి కంఠము మరల దొరకదు. కాబట్టి ఆ క్యాసెట్టును నేటినుండి కారులో నుంచవలదు. వైశాఖమాసపు టెండలో మూసియున్న కారులోని వేడిమికి క్యాసెట్టు డొక్క వంకర పోవును. ముప్పది యేండ్ల నాటి పెట్టెలోని రబ్బరు పట్టీలు సాగి, టేపును లాగు రబ్బరు చక్రము గట్టిపడి, టేపును మ్రింగివేయుటయు గలదు. ఆ పెట్టె యొకప్పుడు పలుకును, ఒకప్పుడు పలుకదనగా నిదియే కారణము కావచ్చును. క్యాసెట్టు వెనుకటి యంచున రెండు చిన్న రెక్కలుండును. వానిని విఱిచివేసినచో నెవ్వరును పొరపాటున దానిపై మరల రికార్డు చేయజాలరు. తరువాత బంధువుల యింటనో, పాత సామానులమ్ము ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతలోనో మంచి క్యాసెట్టు డెక్కు నొకదానిని సంపాదింపుడు. పాట పలుకు తలకాయను దూదికి స్పిరిటద్ది తుడిపించి, ముందుగా పోయినను చింతలేని క్యాసెట్టు నొకదానిని అందులో పెట్టి చూడుడు. అది చక్కగా నడచిన పిమ్మట అత్తగారి క్యాసెట్టును ఈ కొసనుండి ఆ కొసకు, మరల వెనుకకు నొకమారు త్రిప్పి, అప్పుడు పాడింపుడు. డెక్కునుండి తీగెద్వారా కంప్యూటరులోనికి ఎక్కించుట యుక్తము. ఫోను నెదుట పెట్టి పట్టుకొన్నచో పంకా చప్పుడును, వంటయింటి గిన్నెల చప్పుడును అందు జేరును. ఎక్కించిన పాటను రెండు మూడు తావుల దాచవలెను. ఈ పని ముగియువఱకు కారులోని పాత పెట్టెపై నెవ్వరును చేయివేయరాదని మీ అబ్బాయితో ఖండితముగా చెప్పుడు.

ఇక కారు. ఇది సామాన్యమైన బండి కాదు. మెర్సిడెసు బెంజివారి సంస్థ మన దేశమున 1994లో నేర్పడి, 1995లో పూనాయందు కూర్చి విడుదల చేసిన తొలి కారు ఈ తరగతిదే. మీ కారు ఆ తొలి కాన్పులలోనిది. కాని అమ్మబోయినప్పుడు పాత విలాసపు కారునకు వచ్చు వెల మీరనుకొనిన దానికంటె తక్కువ యుండును. కొనువాడు విడిభాగముల ఖరీదును తలచుకొని బేరమాడును. పదివేలు పెట్టి సంగీతయంత్రము పెట్టించినంత మాత్రమున కారు వెల పదివేలు పెరుగదు. కావున అమ్ముటయే నిశ్చయమైనచో పాటకై పైసయు వెచ్చింపవలదు. ఉంచుకొనుటయే నిశ్చయమైనచో, పాటకు ముందు చూడవలసినవి కలవు. సొంత వాహనమునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లవఱకే. తరువాత నైదేసి యేండ్లకొకమారు బండిని పరీక్షకు చూపి క్రొత్త చేయించుకొనవలెను. 1996 నాటి కారునకు ఇట్టి గడువులు పలుమారులు వచ్చియుండును. కాగితముపై తేదీ చూచుకొనుడు. టైర్ల ప్రక్కను చెక్కిన నాలుగంకెలను చూడుడు: 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని యర్థము. పైకి అరగకున్నను ముదిసిన టైరు పగులును. ఇంకొకటి. 1990 తరువాతి తొలి యేండ్లలో తయారైన కొన్ని మెర్సిడెసు కార్లలో ఇంజను తీగెలపై తొడుగు వేడిమికి పెళుసెక్కి రాలిపోవుట కారు ప్రియులందఱు నెఱిగినదే. మెకానికుచేత ఆ తీగెలను విప్పించి చూడక, వానికి తోడు క్రొత్త తీగెలను జేర్చుట మంచిది కాదు. బ్రేకులు, టైర్లు, తీగెలు సరియైన పిదప మిగిలిన సొమ్ముతోనే పాట.

పాటయందు మీ అబ్బాయిని మేము తప్పుపట్టము. చౌమహల్లా ప్యాలెసులో నుంచిన 1912 నాటి నిజాముగారి పసుపువన్నె రోల్స్‌రాయిసు కారును చూచినవారికి దాని వైభవము తెలియును. అంతటి కారులో ఏ పాటయు లేదు. కార్లలో అమర్చుకొను రేడియోకు అమెరికాలో మోటరోలా యను పేర వ్యాప్తి వచ్చినది 1930లో. నిజామునకు లేని భోగము మీ అబ్బాయికి దొరకుచుండగా వద్దనుట యెట్లు? కాని వాడు కోరిన వరుస తలక్రిందుగా నున్నది.

పాత కారులో పాట చెడుటకు మూలము తఱచుగా పెట్టె కాదు, స్పీకర్లు. ఈ తరగతి కార్లలో ముందువైపు చిన్న స్పీకర్లు డాష్‌బోర్డు మూలలను, తక్కినవి వెనుక అద్దము క్రింది పలకలోను నుండును. ఆ పలకపై మన సికింద్రాబాదు ఎండ ముప్పది వేసవులు కాచినది. స్పీకరు చుట్టునుండు నురగ యంచు పొడియై రాలును, కాగితపు గిన్నె పెళుసెక్కును, పాట బొంగురుపోవును. కొన్నింటికి అంచు మాత్రము క్రొత్తది అతికించిన చాలును. లేనిచో అదే కొలతగల క్రొత్త స్పీకర్లు కొని, రంధ్రములను పెద్దవి చేయక అమర్పించుకొనవలెను. సగము గుణము దీనితోనే కనబడును.

తరువాత పెట్టె. ఈ కారులో పెట్టెకున్న చోటు సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. పెద్ద తెర పెట్టవలెనన్నచో కొయ్యపలకను కోయవలెను. కోసిన కొయ్య మరల అతుకదు. ఆ వెడల్పునకే సరిపోవు చిన్న పెట్టెలు, ఫోనులోని పాటను తీగె లేకయే యందుకొనునవి, దొరకుచున్నవి. అంతకంటె సులభమైన మార్గము: పాత పెట్టెను బాగుచేయించి, క్యాసెట్టు రూపముననే యుండు అడాప్టరును అందు చొనిపి, దాని తీగెను ఫోనునకు తగిలించుట. మామగారి యలవాటు చెడదు, అబ్బాయి పాటయు వినబడును. పెట్టెను విప్పుటకు ముందు కాగితములలో దాని రహస్యపు టంకె యున్నదేమో వెదకుడు. ఆ కాలపు పెట్టెలలో పెక్కింటికి బ్యాటరీ తీగె యూడదీసినచో ఆ యంకె నొక్కనిదే నోరు తెఱవవు.

యాంప్లిఫయరును గూర్చి దుకాణదారుడు వాట్ల లెక్క చెప్పును. పెట్టెమీద నాలుగు ఏబదులని వ్రాసియున్నను, నిలకడగా వచ్చునది ఒక్కొక దానికి పదునైదు ఇరువది వాట్లే. వాట్లు రెట్టింపైనచో చప్పుడు మూడు డెసిబెల్లులే హెచ్చును. చెవికి రెట్టింపని తోచుటకు పదిరెట్లు కావలెను. ఈ లెక్క తెలిసినచో పెద్ద యంకెకు పెద్ద ధన మిచ్చుట మానుదుము. పైగా కారులోని విద్యుత్తు 12 వోల్టులదే. 240 వాట్ల యాంప్లిఫయరు 20 ఆంపియర్లు లాగును. మన యింటి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె లాగునది నాలుగు ఆంపియర్లకు కొంచెము పైన. అనగా ఇస్త్రీపెట్టె తీగెకంటె నాలుగున్నర రెట్ల భారము మీరు కూర్చుండు చాప క్రింద పోవు తీగెపై పడును. తీగె సన్ననిదైనచో కాగును, అంటుకొనును. కాబట్టి లావైన రాగితీగె వేయించి, బ్యాటరీకి ఒకటిన్నర అడుగు లోపలనే ఫ్యూజు పెట్టింపుడు. ఫ్యూజు యాంప్లిఫయరును కాపాడుటకు కాదు, తీగెను కాపాడుటకు. దూరమున పెట్టినచో నడిమి తీగెకు దిక్కులేదు. ఇంజనుగది గోడలో తీగె దూరు రంధ్రమునకు రబ్బరు కన్ను ఉండవలెను. విద్యుత్తు తీగె యొక ప్రక్కను, పాట తీగె వేఱొక ప్రక్కను పోవలెను. లేనిచో ఇంజను వేగముతోపాటు ఈలవంటి చప్పుడు వచ్చును. కారు వారమునకొక్కమారే కదలునదైనచో, తాళము తీసిన వెనుక యాంప్లిఫయరు నిజముగా ఆగుచున్నదో లేదో చూడవలెను. ఆగనిచో సోమవారము ఉదయము బ్యాటరీ చచ్చియుండును.

సబ్‌వూఫరు వలదని మా అభిప్రాయము. మంగళహారతికి దాని పనిలేదు. డిక్కీలో సామానునకు చోటు పోవును. చెవుల సంగతియు గలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము పెద్దలు 80 డెసిబెల్లుల చప్పుడును వారమునకు 40 గంటలకు మించి వినరాదు. 90 అయినచో నాలుగు గంటలే. పిల్లలకు 40 గంటలకు 75 డెసిబెల్లులే మేర. వెనుక సీటులో మనుమలు కూర్చుందురు, స్పీకర్లు వారి తలల వెనుకనే యుండును. గాంధీ ఆసుపత్రికి పోవు అంబులెన్సు ఈల వినబడనంత పాట ఏ వీథిలోను తగదు.

క్రొత్త పెట్టెయు స్పీకర్లును అమర్చిన వెంటనే, వాని ధరను బీమావారికి వ్రాతపూర్వకముగా తెలుపుడు. కర్మాగారమున అమర్చని విద్యుత్ సామగ్రిని వేఱుగా చూపి రుసుము చెల్లింపనిచో నష్టము జరిగినప్పుడు దానికి పరిహారము రాదు. దుకాణము రసీదును కారు కాగితములతో నుంచుకొనుడు. పనివాడు విప్పిన పాత పెట్టెను, స్పీకర్లను, మరలతో సహా, అక్కడనే వదలక అడిగి తెచ్చుకొని, గుడ్డలో చుట్టి బీరువాలో నుంచుడు. పాత వస్తువులు తనయందే యుండనిమ్మని దుకాణదారుడు కొంత తగ్గింపు చూపవచ్చును, అప్పుడును ఇయ్యవలదు.