కుడితి పోస్తే నీళ్లు పెట్టినట్టు కాదు

అన్నలారా, సికింద్రాబాద్ హోటళ్ల మిగులు తెచ్చి పందులు సాకేటోళ్ల కోసం ఈ పోస్టు. "కుడితి పల్చగనే ఉంది గదా, మళ్లీ నీళ్లెందుకు?" అంటరు చాలామంది. నేనైతే ఒప్పుకోను.

ఆ డ్రమ్ముల ఏముంటది? సాంబారు, బిర్యానీ, పచ్చడి. అంతా ఉప్పే. రోగాలు రావద్దని మరగబెడతం, మంచిదే. కానీ మరిగినకొద్దీ నీరు పోయి ఉప్పు ఇంకా చిక్కబడతది. పక్కన మంచినీళ్లు ఉంటే పంది ఆ ఉప్పును మూత్రంలో పంపేస్తది. లేకపోతే అది మెదడుకు ఎక్కుతది. గుడ్డిదానిలెక్క తిరుగుతది, గోడకు తల ఆనిస్తది, ముట్టె పైకెత్తి వెనక్కి వెనక్కి జరుగుతది, ఫిట్స్ వస్తయి. చూసినోళ్లు ఎవరో విషం పెట్టిన్రు అనుకుంటరు!

అప్పుడు భయపడి తొట్టి నిండా నీళ్లు పెట్టకండి. ఒక్కసారే తాగితే మెదడు ఉబ్బి ఇంకా ముదురుతది. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ తాపుకుంట పశువుల డాక్టరును పిలవండి.

పెరిగే పందికి రోజుకు 5 నుంచి 10 లీటర్లు, పాలిచ్చే తల్లికి 15 నుంచి 30 లీటర్లు కావాలె. ఎండాకాలం ఇంకా ఎక్కువ. నిపుల్ కింద మగ్గు పెట్టి చూడండి, నిమిషానికి లీటరైనా రావాలె, తల్లికి రెండు. నల్ల ట్యాంకు ఎండలో ఉంటే నీళ్లు కాగుతయి, పందులు సరిగ్గ తాగవు. దాణాకు వేలు పెడతం, టీడీఎస్ మీటరు మాత్రం కొనం. బోరు నీళ్లు 1000 లోపుంటే రంది లేదు. 3000 దాటితే కుడితి ఉప్పుకు ఈ ఉప్పు తోడైతది.

మోటారు కాలి బోరు బందైతే, ట్యాంకర్ వచ్చేదాకా ఆ కుడితి పోయకండి.