అంకె తగ్గినంతమాత్రాన అభిమానము తగ్గినదా?

మన సంఘపు ఫేస్‌బుక్ పేజీకి వచ్చు స్పందనల నిష్పత్తి కొన్నేండ్లుగా పడిపోవుచున్నదనియు, కోలారు తెలుగువారికి మాతృభాషయందు మక్కువ నశించినదనుటకు ఇదియే నిదర్శనమనియు, కావున తెలుగు లిపిలోని వ్యాసములను మాని ఆ తావున సినిమా ముచ్చటలు పెట్టవలెననియు కార్యవర్గములోని కొందరు మిత్రుల వాదము. వచ్చు సమావేశమున దీనిపై ఓటు తీసికొందురట! రోగమేదో తెలియకమునుపే నాలుక కోయు వైద్యమును మేము అంగీకరింపజాలము.

ఇంతకును ఈ నిష్పత్తి యేమి? పేజీలో చేరినవారిలో నూటికి ఎందరు లైకు కొట్టిరి, వ్యాఖ్య వ్రాసిరి, షేరు చేసిరి అను లెక్క. వేయిమంది చేరియుండగా నూరుగురు స్పందించినచో నూటికి పది. మూడువేలమంది చేరిన పిమ్మట నూట యేబదిమంది స్పందించినచో నూటికి ఐదే! మనుష్యులు పెరిగిరి, అంకె సగమైనది.

గనుల నీడన పెరిగినవారికి ఈ సూక్ష్మము ఒకరు చెప్పవలెనా? టన్ను ముడిరాతికి వచ్చు బంగారము తగ్గినపుడు రీఫే సన్నగిల్లినదా, లేక వట్టిరాయి కలిసినదా యని మొదట విచారింపవలెను. 2001లో గనులు మూతపడినవి గాని ఆ తెలివి మూతపడవలసిన పనిలేదు. మన పేజీలో వట్టిరాయి కలిసిన మాట నిజము. 2018లోను 2022లోను వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ చిత్రముల పేరు చూచి, ఇదియు ఆ చిత్రపు పేజీయే యని చేరినవారు మనలో కొల్లలు. వారు మన వ్యాసములు చదువలేదని ఏడ్చుట యేల? పైగా వారికొరకే పేజీని మార్చుదురట!

మరియు 2018 జనవరిలో ఫేస్‌బుక్ సంస్థ, మిత్రుల, కుటుంబముల పోస్టులకు పెద్దపీట వేసి సంస్థల పేజీలను వెనుకకు నెట్టుదుమని బాహాటముగనే ప్రకటించినది. కంటబడని పోస్టునకు స్పందించు వారెవరు? తెల్లవారకమున్నే మారికుప్పము రైలెక్కి బెంగుళూరు పనులకు పోవు మనవారికి, వారు పనిలో మునిగియున్న పదిగంటలవేళ పోస్టులు పెట్టుట ఎవరి తెలివియో కూడ విచారింపదగును.

అయినను దాచరాని లోప మొకటి కలదు. ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట ప్రాంతములందు ఇంట తెలుగాడుచు బడిలో కన్నడమో ఇంగ్లీషో చదివిన పిల్లలు ఎందరో గలరు. తెలుగు వారి చెవికెక్కును, అక్షరము కంటికెక్కదు. దీనిని విముఖత యనుట అన్యాయము. కన్నడ లిపి వచ్చినవానికి తెలుగు లిపి పరాయిది కాదు. ఆ రెండును ఒక తల్లి బిడ్డలే. కొలది వారములు సాయంకాలము కూర్చుండబెట్టి నేర్పినచో చాలును. అంతవరకు ప్రతి వ్యాసమును పెద్దలొకరు బిగ్గరగా చదివి, ఆ ధ్వనిని కూడ పేజీలో ఉంచరాదా?

ఓటునకు ముందు కార్యవర్గమువారు చేరినవారి సంఖ్యను, స్పందించినవారి సంఖ్యను విడివిడిగా, ఏడాది వారీగా సభ్యుల యెదుట ఉంచవలెను. ఒక నెల చదివిన ధ్వనిని, వ్రాసిన వ్యాసమును వేర్వేరుగా పెట్టి వచ్చిన ఫలితమును గూడ చూపవలెను. అంతవరకు మా ఓటు ఈ తీర్మానమునకు వ్యతిరేకము.