ఆక్రాయిడ్ హత్య – నా పాత కోపం

అగాథా క్రిస్టీ 1926లో ప్రకటించిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' నవలను మొదటిసారి ముగించినపుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. రచయిత్రి మోసగించినదని తోటి ఉపాధ్యాయులతో వాదించాను కూడ. (హంతకుడెవరో చెప్పను, చదువనివారు భయపడవలదు.)

ఆ కోపం నా ఒక్కడిదే కాదు. వెలువడిన కాలంలోనే కొందరు ఆంగ్ల పాఠకులు ఇది ధర్మయుద్ధం కాదన్నారు. ఎవరినీ అనుమానించక విడువరాదు, అది పాఠకుని పని అంటూ డొరొతీ సేయర్స్ క్రిస్టీ పక్షం వహించింది. 2013లో బ్రిటన్ అపరాధ రచయితల సంఘ సభ్యులు అపరాధ నవలలన్నింటిలో దీనినే ఉత్తమమని ఎన్నుకొన్నారు.

ఉద్యోగ విరమణ తరువాత మరల చదివాను. కింగ్స్ ఆబట్ అనే చిన్న పల్లె. ఊరి వైద్యుని అక్క కరోలిన్ గడప దాటకుండానే ఊరి గుట్టంతా రాబట్టగల ఘనురాలు. మన వీధి అరుగుల మీద ఇటువంటివారికి కొదువా! మిస్ మార్పుల్ పాత్రకు బీజం బహుశా ఈమెయేనని క్రిస్టీ తన ఆత్మకథలో చెప్పుకొన్నది.

ఈసారి ఒక్కొక్క వాక్యం దగ్గర నిలిచి చూశాను. పాఠకునితో పలికిన అసత్యం ఒక్కటీ నాకు దొరకలేదు. ఉన్నదల్లా కొంత చెప్పి కొంత విడవడమే. ముప్పైయేళ్లు పిల్లలకు వాచ్యము, వ్యంగ్యము అని పాఠం చెప్పిన నేను వాచ్యం దగ్గరే ఆగిపోయి, తప్పు ఆమె నెత్తిన వేశాను!

ఆనాడు నా మాట నమ్మి ఆ పుస్తకం ముట్టని మిత్రుడొకరున్నారు. మొన్న ఆయనకొక ప్రతి పంపించాను. సగం చదివి, హంతకుడెవరని ఫోనులో ఎంత బతిమాలినా చెప్పలేదు.