పర్ కాంట్రా: ఇంతకీ ఆ మాట ఎవరిది?

ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరమైన సాలువాలో నేపాలీ వినిపిస్తుంది. పక్కనున్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో కొలువుల కోసం వలస వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు కూడా ఇచ్చింది. అయితే ఆస్తి తగాదా హైకోర్టు దాకా వెళ్తే చేతికొచ్చేది ఇంగ్లీషు తీర్పే.

ఆ తీర్పుల్లో తరచు తగిలే మాట 'పర్ కాంట్రా'. లాటిన్‌లో 'కాంట్రా' అంటే ఎదురుగా, వ్యతిరేకంగా అని. ఇటాలియన్ మీదుగా 16వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషుకు చేరింది. లెక్కల పుస్తకంలో ఎదుటి వైపు అనే అర్థం దీనికి ఇప్పటికీ ఉంది. దుకాణం గుమాస్తాకు ఇదేమీ కొత్త కాదు. గల్లాపెట్టెలో సొమ్ము బ్యాంకులో వేస్తే రాసే పద్దు 'కాంట్రా ఎంట్రీ'యే. డబ్బు ఒక్కటే, పుస్తకంలో రెండు వైపులా కనిపిస్తుంది.

కోర్టులోనూ అంతే. వివాదం ఒక్కటే, వైపు మారుతుంది. పిటిషనర్ న్యాయవాది వాదన ముగిశాక 'పర్ కాంట్రా' అని వచ్చిందంటే ఇక వినిపించేది ఎదుటి పక్షం గొంతు. న్యాయమూర్తిది కాదు. ఈ సంగతి తెలియకపోతేనే చిక్కు. 'ఆ భూమిపై పిటిషనర్‌కు హక్కు లేదు' అన్న వాక్యం అక్కడ కనిపిస్తే కేసు పోయిందని గుండె జారిపోవచ్చు. నిజానికి అది వాదన మాత్రమే. కోర్టు నిర్ణయం ఇరుపక్షాల వాదనలూ ముగిశాక వస్తుంది.

తెలుగు చేసేటప్పుడు 'విరుద్ధంగా' అని వేస్తే పేచీ. 'చట్ట విరుద్ధం' అన్న మాటకు అలవాటుపడ్డ చెవికి కోర్టే తప్పుపట్టినట్టు వినిపిస్తుంది. 'ప్రతిగా' అంటే బదులుగా అనుకుంటారు. 'మరోవైపు' కొంత నయమే కానీ ఎవరి వైపో చెప్పదు. 'దీనిపై ప్రతివాది న్యాయవాది వాదన ఇదీ' అంటే ఏ సందేహమూ ఉండదు. ఒక మాటకు నాలుగు మాటలు పడితే నష్టమేమీ లేదు.

2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూ వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులు కూడా తెలుగులోకి అనువాదమవుతున్నాయి. మనిషి అనువదించినా, యంత్రం అనువదించినా కక్షిదారుకు ముందుగా తెలియాల్సింది ఒక్కటే. అంటున్నది కోర్టా, ఎదుటివాడా?